మొదటి తాళం వాయిదాకే

తెల్లవారుజాము నాలుగున్నర. బోయినపల్లి మార్కెట్లో టమాటా ట్రేలు దించేసి మా చిన్నాన్న చేవెళ్ల దారి పట్టాడు. చలి గజగజలాడిస్తోంది. దారిలో ఒక టీ బండి దగ్గర ఆగాడు కానీ ఇంజన్ ఆపలేదు. సెల్ఫ్ మూడు వారాలుగా మొరాయిస్తోంది. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు, ఆ వేళప్పుడు నెట్టడానికి మనుషులూ దొరకరు. అందుకే తాళం చెవి బండికే వదిలేసి దిగాడు. ‘ఒక్క నిమిషమే కద’ అనుకున్నాడు. గ్లాసు అందుకుని ఊదుకుంటూ మొదటి గుక్క తాగేలోపు వెనక గేరు పడిన చప్పుడు. తిరిగి చూసేసరికి రెండు ఎర్ర లైట్లు మలుపు తిరిగిపోతున్నాయి.

ఆ పికప్ మళ్లీ దొరకలేదు. దాంతోపాటే కొత్త టార్పాలిన్ పట్టా, లోడు కట్టే మోకులు, జాకీ, స్టెప్నీ, డ్యాష్‌బోర్డులో దాచిన ఆ రాత్రి కిరాయి డబ్బులు, అసలు ఆర్‌సీ అన్నీ పోయాయి. ఆ ఏడాది ఖర్చు తగ్గిద్దామని థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే కట్టి ఉన్నాడు. చేతికి రూపాయి రాలేదు. వాకిట్లో బండి లేదు కానీ ఫైనాన్సు వాళ్ల ఫోను మాత్రం నెలనెలా మోగింది. చిన్నమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. పద్నాలుగు నెలలు కట్టాక గానీ ఆ అప్పు తీరలేదు.

సెల్ఫ్ బాగు చేయించడం ఒక పూట పని. ‘ఈ లోడు దించాక’, ‘ఈ వారం పోయాక’ అంటూ దాన్ని మూడు వారాలు తోశాడు. ఒక్క పని వాయిదా వేసినందుకు పద్నాలుగు వాయిదాలు కట్టాడు. ఆ మాట మా చిన్నాన్నే ఇప్పటికీ అంటాడు. అనేటప్పుడు నవ్వడు.

మన ఊళ్లలో పికప్ అంటే వాహనం ఒక్కటే కాదు, కుటుంబం మొత్తం దాని మీదే నడుస్తుంది. 2005లో టాటా ఏస్ వచ్చాక ఎంతోమంది కూలి పని మాని సొంత బండికి యజమానులయ్యారు. బొలేరో పికప్, దోస్త్ లాంటివి కూరగాయల నుంచి కోళ్ల దాకా, పెళ్లి సామాను నుంచి ఇసుక బస్తాల దాకా మోస్తున్నాయి. అలాంటి బండి పోతే ఇంట్లో పొయ్యి దగ్గర్నుంచి పిల్లల ఫీజు దాకా అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అందుకే దాన్ని కాపాడుకోవడం మెకానిక్కుకు వదిలేసే విషయం కాదు. అది మన నడవడికకు సంబంధించినది.

ముందు ఈ మూడు ‘కదా’లను వదిలించుకోండి

దొంగను పిలిచి కూర్చోబెట్టే మాటలు మన నోట మూడున్నాయి. ‘ఒక్క నిమిషమే కదా’, ‘మన వీధే కదా’, ‘ఇన్నేళ్లూ ఏం కాలేదు కదా’.

మొదటిది తొందర. తాళం చెవి ఉన్న బండిని తీసుకెళ్లడానికి దొంగకు కూడా ఆ ఒక్క నిమిషమే చాలు. రెండోది చనువు. వీధి మనదే అయినా రాత్రి రెండింటికి ఆ వీధిలో తిరిగేవాళ్లంతా మనవాళ్లు కారు. మీరు ఎన్నింటికి వస్తారో, ఎక్కడ పెడతారో, ఎప్పుడు పడుకుంటారో నాలుగు రోజులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. ఇన్నేళ్లూ ఏమీ కాకపోవడం అదృష్టం. దాన్ని మన జాగ్రత్త ఖాతాలో రాసుకుంటున్నాం.

ఇంకో సంగతి. రాత్రంతా నడిపి వచ్చిన మనిషికి ఆలోచించే ఓపిక ఉండదు. ఆ సమయంలో ‘తాళం వేయాలా వద్దా’ అని మనసును అడిగితే అది ‘వద్దులే’ అనే చెబుతుంది. అందుకే ఓపిక ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి. ఇంటి గడప దగ్గర చెప్పులు విడవాలా వద్దా అని మనమెవరమూ ఆలోచించం. కాలు దానంతట అదే విడుస్తుంది. బండి విషయంలో చెయ్యి కూడా అలాగే కదలాలి.

చెవి ఒంటి మీదే ఉండాలి

బండి దిగితే ఇంజన్ ఆగాలి, అద్దాలు ఎక్కాలి, తలుపులకు తాళం పడాలి, చెవి మీ జేబులోకి రావాలి. టీకి దిగినా, దారి అడగడానికి దిగినా, మోకు బిగించడానికి దిగినా ఇదే పద్ధతి. మినహాయింపు ఒక్కటి పెట్టుకున్నా అలవాటు చెడిపోతుంది.

చెవి తీశాక స్టీరింగును కాస్త తిప్పి ‘టక్’మని లాక్ పడిందో లేదో చూడండి. చాలామంది చెవి తీస్తారు కానీ ఆ టక్‌మనే దాకా ఆగరు.

రెండో చెవిని బండిలో, సీటు కింద, బంపరు వెనక దాచకండి. అలాంటి చోట్లు మీకన్నా దొంగకే బాగా తెలుసు. దాన్ని ఇంట్లో బీరువాలో ఉంచండి. బండి పోయి ఇన్సూరెన్సు కోసం వెళ్తే కంపెనీ రెండు చెవులూ అడుగుతుంది. ఒకటి లేకపోతే వంద ప్రశ్నలు వేస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు పాత యజమాని నుంచి రెండు చెవులూ తీసుకోవాలి. ఒకటే ఇచ్చాడంటే తాళం సెట్టు మార్పించండి.

సెల్ఫ్ పట్టడం లేదా? బ్యాటరీ దిగిపోతోందా? తలుపు లాక్ సరిగా పడటం లేదా? ఇవన్నీ రిపేర్ల జాబితాలోవి అనుకుంటాం. నిజానికి ఇవి భద్రత జాబితాలోవి. ఇంజన్ ఆపడానికి భయపడే రోజు వచ్చిందంటే, ఆ రోజు కిరాయి మానుకునైనా షెడ్డుకు వెళ్లండి.

దొంగకు పని పెంచండి

దొంగకు మూడు కావాలి: చీకటి, నిశ్శబ్దం, కొంచెం సమయం. ఈ మూడింటిలో ఒక్కొక్కటీ తగ్గిస్తూ పోవడమే మన పని. ఎంత గట్టి తాళమైనా పగలగొట్టొచ్చు. కానీ నాలుగు అడ్డంకులు దాటాలంటే వాడు పక్క దారి చూసుకుంటాడు.

వెలుతురున్న చోట బండి పెట్టండి. దూర ప్రయాణంలో కునుకు తీయాలంటే లైట్లూ మనుషులూ సీసీ కెమెరాలూ ఉన్న పెట్రోలు బంకు దగ్గర గానీ, ఎప్పుడూ లారీలు ఆగే ధాబా దగ్గర గానీ ఆపండి. నిర్మానుష్యంగా ఉన్న సర్వీసు రోడ్డు మీద వద్దు. ఇంటి దగ్గర ఖాళీ బండైతే ముందు భాగం గోడవైపు పెట్టి చక్రాలు ఒక పక్కకు తిప్పి వదలండి. తేలిగ్గా లాక్కుపోవడం కుదరదు. సరుకుంటే వెనక డాలా తెరుచుకోకుండా దాన్నే గోడకు ఆనించండి.

స్టీరింగుకో గేరుకో అడ్డంగా వేసే ఇనుప తాళం బయటికి కనిపిస్తుంది, అదే దాని బలం. కనబడనిది ఇంకొకటి ఉండాలి. దాన్ని మనవాళ్లు కట్ ఆఫ్ స్విచ్ అంటారు. అది ఆపేసి ఉంటే చెవి తిప్పినా బండి స్టార్ట్ కాదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత, ఫ్యూజుతో సహా, పద్ధతిగా పెట్టించండి. తీగలు ఎలా పడితే అలా కలిపితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఆ స్విచ్ ఎక్కడుందో నడిపేవాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పకండి.

జీపీఎస్ ట్రాకర్ మంచిదే. అయితే అది దొంగతనాన్ని ఆపదు, దారి చూపిస్తుంది. లోపల సొంత బ్యాటరీ ఉన్నది కొనండి. లేకపోతే బండి బ్యాటరీ తీగ పీకగానే అది మూగబోతుంది. డ్యాష్‌బోర్డు మీద కాకుండా కంటికి ఆనని చోట పెట్టించండి. దాని సిమ్ రీఛార్జి తేదీని ఫోనులో అలారంగా పెట్టుకోండి. రీఛార్జి అయిపోయిన ట్రాకర్ వల్ల పైసా ఉపయోగం లేదు. ఇక్కడా మన శత్రువు వాయిదానే. ఇంకో మాట: కొన్ని ట్రాకర్లలో దూరం నుంచే ఇంజన్ ఆపే వీలుంటుంది. రోడ్డు మీద పరుగెడుతున్న బండిని అలా ఆపితే ప్రాణాలు పోతాయి. ఆ మీట జోలికి కోపంలో వెళ్లకండి.

బండి వెనక సంసారం

బండి మొత్తం పోవడం ఎప్పుడో జరుగుతుంది. బ్యాటరీ, స్టెప్నీ, డీజిల్, పట్టా పోవడం తరచూ జరుగుతుంది. చిన్న దొంగతనమే అని సరిపెట్టుకుంటాం. కానీ తెల్లవారి లోడుకు బయల్దేరే వేళ బ్యాటరీ లేకపోతే ఆ రోజు కిరాయి పోతుంది, ఇచ్చిన మాట పోతుంది, కొన్నిసార్లు ఖాతాదారుడే పోతాడు.

స్టెప్నీకి గొలుసు వేసి తాళం పెట్టండి. బ్యాటరీకి ఇనుప పట్టీ బిగించి దానికీ తాళం వేయండి. డీజిల్ ట్యాంకుకు తాళం ఉన్న మూత పెట్టండి. రాత్రి పూట పట్టా, మోకులు, జాకీ, పానాలు ఇంట్లోకో క్యాబిన్‌లోకో చేరాలి. ఓపెన్ బాడీ అంటే తలుపుల్లేని ఇల్లే. అందులో విలువైనది ఏదీ నిద్రపోకూడదు.

పనిముట్ల మీద మీ బండి నంబరు చెక్కించండి. జాకీ మీద, పానా పెట్టె మీద, బ్యాటరీ మీద కూడా. గుర్తున్న వస్తువును అమ్మడం కష్టం, దొరికితే మీదేనని చెప్పడం తేలిక.

లోడున్నప్పుడు ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి లెక్కపెట్టండి. ఎన్ని ట్రేలు, ఎన్ని బస్తాలు అన్నది ఇద్దరి ఎదుట చెప్పి రాసుకోండి. పట్టా కప్పి మోకు బిగించాక ఫోనుతో ఒక ఫోటో తీయండి. రైతుకూ వ్యాపారికీ మధ్య తగాదా వస్తే ఆ ఫోటోయే మీకు సాక్షి. ఇంకోటి గుర్తుంచుకోండి: బండి ఇన్సూరెన్సు బండికే. లోపలి సరుకుకు వర్తించదు. ఖరీదైన సరుకైతే దానికి వేరే ఇన్సూరెన్సు ఉందో లేదో సరుకు యజమానిని ముందే అడగండి. ఒక్క స్టెప్నీయో బ్యాటరీయో పోతే మీ పాలసీ ఇస్తుందో ఇవ్వదో కూడా కొనేరోజే తెలుసుకోండి.

డ్యాష్‌బోర్డు మీద ఫోను వదలకండి. *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ నంబరు ఇంట్లో రాసిపెట్టండి. ఫోను పోతే ముందు పోలీసు ఫిర్యాదు చేసి, సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దాన్ని బ్లాక్ చేయించవచ్చు.

నమ్మకానికీ ఒక పద్ధతి

జాగ్రత్త అనగానే కొందరు అందరినీ అనుమానించడం మొదలుపెడతారు. అది బలహీనత. అనుమానంతో బతికేవాడికి నిద్ర ఉండదు, తోడు నిలిచే మనిషీ ఉండడు. మనిషిని నమ్మండి, పనికి పద్ధతి పెట్టండి. రెండూ కలిసి నడుస్తాయి.

డ్రైవరును పెట్టుకుంటే లైసెన్సు, ఆధార్ కాపీలు, ఇంటి చిరునామా, దగ్గరి బంధువు ఫోను నంబరు తీసుకోండి. ‘నీ మీద అనుమానంతో కాదు తమ్ముడూ, ఇద్దరికీ మంచిదని’ అని నేరుగా చెప్పండి. మంచి మనిషి దానికి నొచ్చుకోడు. నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటంతోనే మనం సగం తప్పులు చేస్తాం. జీతం ఇచ్చే రోజు వాయిదా వేయకండి. బాకీ పడిన చోటే పొరపొచ్చాలు పుడతాయి. డ్రైవరు మారితే తాళం చెవి, కాగితాలు ఎదురుగా లెక్కచూసి తీసుకోండి.

చుట్టుపక్కల వాళ్లతో మాట కలిపి ఉంచండి. వాచ్‌మన్, తెల్లవారుజామున పాలు వేసే అబ్బాయి, మూలమీద టీ కొట్టు అన్న, ఎదురింటి పెద్దాయన... ‘ఇది ఫలానావాళ్ల బండి, వాళ్లు తప్ప ఇంకెవరూ తీయరు’ అని వీళ్లకు తెలిసి ఉంటే మీకు పది కళ్లు ఉన్నట్టే. పలకరింపుకు ఖర్చు లేదు. అది ఏ తాళంకన్నా తక్కువ పని చేయదు.

కాగితాలు బండిలో నిద్రపోకూడదు

అసలు ఆర్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్సు కాగితాలు క్యాబిన్‌లో పెట్టి తిరగాల్సిన పనిలేదు. డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే చెల్లుతాయి. అసలువి ఇంట్లో ఉంచండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బండి నాలుగు వైపుల ఫోటోలు, దాని మీద ఉన్న గీతలు, రాసిన పేర్లు ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా ఉండాలి. బండితోపాటే ఫోనూ పోయిందనుకోండి, ఆ క్షణంలో నంబరు కూడా నోటికి రాదు.

ఇన్సూరెన్సు దగ్గర ఒక నిమిషం ఆగండి. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే. మీ బండి చోరీ అయితే డబ్బు రావాలంటే ఓన్ డ్యామేజ్ కూడా ఉన్న పాలసీ కావాలి. అప్పుడైనా కొన్న ధర రాదు, పాలసీలో రాసిన ఐడీవీ, అంటే బండికి కట్టిన విలువ ప్రకారమే వస్తుంది. బండికి ఏడాది దాటితే కంపెనీ ధరలో 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు లెక్కగడతారు. అంటే ధర 9 లక్షలున్న బండికి మూడో ఏడు నడుస్తుంటే ఐడీవీ 6 లక్షల 30 వేలు. ప్రీమియం తగ్గుతుందని దాన్ని ఇంకా కిందికి దించి రాయించకండి. అప్పు ఉంటే ఆ డబ్బు ముందు ఫైనాన్సుకే వెళ్తుంది, మిగిలితేనే మీకు.

ఫాస్టాగ్‌కు ఇచ్చిన ఫోను నంబరు మీదేనా? సెకండ్ హ్యాండ్ బండ్లలో చాలాసార్లు పాత యజమానిదో డీలరుదో ఉంటుంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి. మీ బండి టోల్ దాటితే ఏ గేటు, ఎన్ని గంటలకు అన్నది మెసేజీగా వస్తుంది. చోరీ అయిన రాత్రి ఆ మెసేజీయే మొదటి ఆచూకీ కావచ్చు. అది ఎవరో తెలియని మనిషి ఫోనుకు వెళ్తే ఏం లాభం?

పోయిందని తెలిసిన మొదటి గంట

ఎంత జాగ్రత్తపడ్డా పోవచ్చు. ఏడవడానికి తర్వాత సమయం ఉంటుంది. ముందు పనులు వరసగా చేయండి.

వెంటనే 112కు ఫోను చేయండి. ట్రాఫిక్ పోలీసులు తరలించారా అన్నది కూడా అక్కడే అడగండి. వాయిదాలు బాకీ ఉంటే ఫైనాన్సు వాళ్లు తీసుకెళ్లారేమో కనుక్కోండి. కానీ ఈ వాకబు పేరుతో ఫిర్యాదును తెల్లవారేదాకా ఆపకండి.

దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషనుకు వెళ్లండి. ‘ఇది మా పరిధి కాదు’ అంటే, పరిధితో పనిలేకుండా ఏ స్టేషనులోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దాన్ని చట్టంలోనే రాసింది. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సరుకు రవాణా బండిని దొంగిలించినా, అందులోని సరుకును దొంగిలించినా భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. మీ ఫిర్యాదు చిన్నదని ఎవరూ అనలేరు, మీరూ అనుకోకండి.

ట్రాకర్‌లో బండి ఎక్కడుందో కనిపించినా, ఫాస్టాగ్ మెసేజీ వచ్చినా పోలీసులకు చెప్పండి. ఒంటరిగా వెంటపడకండి. బండి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

అదే రోజు ఇన్సూరెన్సు కంపెనీకి, ఫైనాన్సుకు, ఆర్‌టీఓకు రాతపూర్వకంగా తెలపండి. ఫిర్యాదు వెంటనే ఇచ్చి, కంపెనీకి చెప్పడం మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. డ్రైవరు దారి అడగడానికి తాళం చెవి వదిలి దిగిన ఒక కేసులో 2023లో అదే కోర్టు 75 శాతం పరిహారం ఇవ్వమంది. ఈ తీర్పులు మనకు ధైర్యం. కానీ ఆ 75 శాతం కోసం కోర్టుల చుట్టూ తిరగడం ఎంత కాలమో, ఎంత ఖర్చో ఆలోచించండి. చెవి జేబులో పెట్టుకోవడం అంతకన్నా తేలిక.

ఒక్కటి మాత్రం మరవకండి. పోయింది బండి, మీ నైపుణ్యం పోలేదు, మీ మీద మార్కెట్లో ఉన్న నమ్మకం పోలేదు. మా చిన్నాన్న ఏడాదిపాటు పక్కూరి ఆయన బండికి డ్రైవరుగా వెళ్లాడు. సిగ్గుపడలేదు. మాట నిలబెట్టుకునే ఆ గుణం చూసే పాత వ్యాపారులు తర్వాత ఆయన కొన్న రెండో బండికి మళ్లీ కిరాయిలు ఇచ్చారు.

రాత్రి ప్రదక్షిణ

దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అన్నం పెట్టే వస్తువుకు మనం చేసే మర్యాద అది. ఆ మర్యాద ఏడాదికి ఒక్క రోజుతో సరిపెట్టకండి. రోజూ రాత్రి బండి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేయండి. కుడి తలుపు లాగి చూడండి. స్టెప్నీ గొలుసు తట్టండి. డాలా కొక్కెం, ఎడమ తలుపు, బ్యాటరీ తాళం, డీజిల్ మూత ఒక్కొక్కటీ చేత్తో తాకండి. కంటితో చూస్తే మనసు ఉన్నట్టే అనుకుంటుంది. చెయ్యి తగిలితే నిజం తెలుస్తుంది. మొత్తం రెండు నిమిషాలు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చిన్నాన్నతో పాటు మార్కెట్‌కు వెళ్లాను. తిరుగు దారిలో టీకి ఆగాం. ఆయన ఇంజన్ ఆపాడు. చెవి తీసి స్టీరింగు తిప్పాడు, టక్‌మంది. రెండు తలుపులూ లాగి చూశాడు. గ్లాసు అందుకునే ముందు చొక్కా జేబు మీద అరచెయ్యి ఒకసారి ఆనించాడు. లోపల చెవి ఉందని తెలిశాకే మొదటి గుక్క తాగాడు. టీ అయ్యాక చెవి తిప్పితే బండి ఒక్కసారికే అందుకుంది.

‘సెల్ఫ్ బాగుంది కద చిన్నాన్నా’ అన్నాను.

‘రెండు రోజుల కింద కొంచెం గరగరమన్నది బిడ్డా. తెల్లారే షెడ్డుకు తీస్కవోయిన’ అన్నాడు.

మీ బండిలో కూడా ఇప్పుడు ఏదో ఒకటి గరగరమంటూనే ఉంటుంది. వదులైన కొక్కెమో, తేదీ దాటబోతున్న పాలసీయో, మార్చని ఫాస్టాగ్ నంబరో. అదేమిటో మీకు తెలుసు. రేపు మొదటి కిరాయికి ముందే ఆ పని చేయించండి.